తప్పు కాసే గోల్ఫ్ ఐరన్లు: నాలుగేళ్లు వాడాక

అనంతపురంలో ఉంటూ గోల్ఫ్ ఆడతానంటే ఎవరైనా నవ్వుతారు. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల యూనిట్‌లో చేరాక, కొరియా నుంచి వచ్చిన ఇంజనీర్లు నాకు ఈ పిచ్చి అంటించారు. నెలకోసారి 44వ నంబర్ హైవే మీద బెంగళూరు దగ్గరి దేవనహళ్లి వైపు పోయి ఆడతాను. మిగతా రోజుల్లో, పంట తీశాక ఖాళీగా ఉన్న మా మామగారి వేరుశనగ చేలో వల కట్టుకుని కొడుతుంటాను.

ఐరన్లంటే లోహపు తల (హెడ్) ఉండే గోల్ఫ్ కర్రలు, అంటే క్లబ్బులు. మొదట నా దగ్గరున్నవి ఒక కొరియా సారు ఊరెళ్తూ ఇచ్చిపోయిన బ్లేడ్లు, పలచటి తల ఉండే పాత తరహా ఐరన్లు. సన్నగా, మెరుస్తూ, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. బంతి క్లబ్ ముఖానికి మధ్యలో తగిలితే వెన్న కోసినట్టే. అర అంగుళం పక్కకు తగిలిందా, మోచేతి దాకా జివ్వుమనేది, బంతి ఇరవై ముప్పై గజాలు తక్కువ పోయేది. నేను పది కొడితే ఎనిమిది పక్కకే తగిలేవి. అందుకే నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కావిటీ బ్యాక్ (తల వెనక గుంత ఉండే) సెట్ కొన్నాను, 5 ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా. నంబరు పెరిగేకొద్దీ బంతి ఎత్తుగా లేచి తక్కువ దూరం పోతుంది, ఆ వరసలో చివరిది ఈ వెడ్జ్. ఆ మోడల్ ఇప్పుడు కొత్తది రావడం లేదు కాబట్టి పేరుతో పని లేదు. ఈ తరహావి ఏ కంపెనీవైనా చూసుకోవాల్సినవి ఒకటే.

వీటిలో హెడ్ వెనక మధ్యలోని లోహం తగ్గించి బరువును అంచులకు సర్దుతారు. రెండు కొసలా నీళ్ల బిందెలున్న కావడిని భుజం మీద గిర్రున తిప్పి చూడండి, అంత తేలిగ్గా తిరగదు. ఇదీ అంతే. బంతి కొసకు తగిలినా హెడ్ పెద్దగా మెలి తిరగదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా చేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ కిటుకును 1959లో ముందు బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్ అయిన పుటర్‌లో పెట్టాడు, తర్వాత ఐరన్లకు తెచ్చాడు. పింగ్ అనే గోల్ఫ్ క్లబ్బుల కంపెనీ అలా పుట్టిందే.

నా పరీక్ష ఏమిటంటే, క్లబ్ ముఖం మీద కాస్త టాల్కం పౌడర్ అద్ది కొట్టడం. బంతి తగిలిన చోట రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ పడుతుంది, లోపల బంతి గుంటల అచ్చు కూడా కనిపిస్తుంది. మొదటి నెలంతా నా మచ్చలు కొస వైపే. అయినా 7 ఐరన్‌తో మధ్యలో తగిలితే 145 గజాలు, కొసకు తగిలితే 135 దాకా. ఆ పది గజాలతో పోయేదేం లేదు, బంతి గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) అంచునైనా ఉంటుంది.

కానీ బంతికన్నా ముందు నేల తగిలితే? అక్కడ ఏ ఐరనూ కాపాడదు. భూదేవి అంత ఓర్పు ఉన్న క్లబ్ అని అమ్మేవాళ్లు చెప్తారు గానీ, ఆ భూదేవికి తగిలిన దెబ్బనే అది మన్నించదు. దీని అడుగు వెడల్పు. దేవనహళ్లి వైపు మెత్తటి గడ్డిలో అది దిగబడకుండా జారుతుంది, కొంత మేలు. మా చేలో ఎర్ర గరుసు నేల ఎండి రాయిలా ఉంటుంది. అక్కడ అదే అడుగు ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, బంతి నేలబారుగా దూసుకుపోతుంది. రబ్బరు మ్యాట్ వేసుకుంటే ఇంకో మోసం, ముందు నేల తగిలిన సంగతే తెలియనివ్వదు. మ్యాట్ తీసేసి కొట్టిన రోజున లేచిన దుమ్ము చూసి మా బావమరిది, "ఏం బావా, వాన పడకముందే దున్నుతాండావే" అన్నాడు.

కొనేటప్పుడు నేను పడిన బోల్తా ఒకటుంది. కొత్త 7 ఐరన్ పాతదానికన్నా పదిహేను గజాలు ఎక్కువ పోయిందని పొంగిపోయాను. తర్వాత చూస్తే పాతదాని లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) 34 డిగ్రీలు, దీనిది 30. అంటే 6 ఐరన్‌కు 7 అని చెక్కారు, అంతే! దాంతో పిచింగ్ వెడ్జ్ 44కు దిగింది, ఇసుకలోంచి బంతి లేపే నా శాండ్ వెడ్జేమో 56. మధ్యలో 12 డిగ్రీల గుంత. 90 గజాల షాట్ వస్తే చాలు, దానికి సరిపడే క్లబ్ లేక టెన్షన్. చివరికి 50 డిగ్రీల వెడ్జ్ విడిగా కొనాల్సి వచ్చింది. కొనేముందు దూరం అడక్కండి, లాఫ్ట్‌ల పట్టీ అడగండి.

లై యాంగిల్ (కర్ర నేలతో చేసే కోణం) కూడా అడగండి. నాది అయిదడుగుల నాలుగంగుళాలు. మామూలు కొలత క్లబ్ పట్టుకుంటే కొస గాల్లోకి లేచి బంతి ఎడమకు పోయేది. క్లబ్ అడుగున టేప్ అతికించి కొడితే నేలకు రాసుకున్న గీత అంతా మడమ (తలలో కర్ర దగ్గరి కొస) వైపే పడింది. బెంగళూరులో రెండు డిగ్రీలు వంచి ఇచ్చారు. పోత పోసిన హెడ్లు అంతకు మించి వంచితే విరగొచ్చని వాళ్లే ఆపేశారు.

మేలో కారు డిక్కీలో బ్యాగ్ వదిలేసి వారం తిరిగాను. మన ఎండ సంగతి తెలిసిందే. లోపలి జిగురు మెత్తబడి 8 ఐరన్ హెడ్ చేతితో తిప్పితే తిరగడం మొదలైంది. తప్పు నాదే. ఇప్పుడు బ్యాగ్ హాల్లో మూలన ఉంటుంది, ఇంట్లో ఎవరికీ నచ్చకపోయినా.

5 ఐరన్‌తో మాత్రం, అది ఎంత తప్పు కాసేదైనా, నాకు బంతి లేవలేదు. దాని బదులు బంతిని తేలిగ్గా లేపే లావు తల క్లబ్, హైబ్రిడ్, వాడుతున్నాను. ఆ 5 ఐరన్ ఇప్పుడు మా బావమరిది దగ్గర ఉంది, చింతకాయలు రాల్చుకుంటున్నాడు.