స్పిండిల్ పట్టేసిన తర్వాత: చిన్న సీఎన్‌సీ మిల్లుతో ఆరేళ్లు

ఈ సైజు మిల్లు కొందామనుకుంటున్నాం, మీది ఎలా పనిచేస్తోందండీ అని నెలకి ఒకరిద్దరైనా మా షెడ్డుకి వస్తారు. మిల్లు అంటే ఇక్కడ కంప్యూటరు చెప్పినట్టు లోహాన్ని చెక్కే యంత్రం. టీ తెప్పించి, బల్ల కింద నుంచి ఒక పాత హార్లిక్స్ సీసా తీసి వాళ్ల ముందు పెడతాను. అందులో రెండు బేరింగులుంటాయి. వాటిని చూపించకుండా ఈ యంత్రం గురించి మంచీ చెడ్డా ఏం చెప్పినా సగమే అవుతుంది.

మా షెడ్డు పాలకొల్లు నుంచి భీమవరం పోయే దారిలో ఉంది. ముందు కాలువ, వెనక రొయ్యల చెరువులు. పని కూడా చాలావరకు ఆ చెరువులదే: చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల గేరుబాక్సు మూతలు, తెడ్డు చక్రాలకి హబ్బులు, కప్లింగులు, మధ్యలో రైసుమిల్లుల వాళ్ల సామాను. 2019లో ఈ మిల్లు తెచ్చాను. ఇదే పోతపోసిన బాడీ నాలుగైదు పేర్లతో, నాలుగైదు రంగుల్లో అమ్ముడవుతోంది కాబట్టి పేరుతో పని లేదు. 1.5 కిలోవాట్ మోటారు, బెల్టుతో తిరిగే స్పిండిల్ (కోసే టూలుని పట్టుకుని తిప్పే షాఫ్టు), దాని ముక్కులో టూలు కూర్చునే బీటీ30 టేపరు, గరిష్ఠంగా నిమిషానికి 5000 చుట్లు. టూలు మార్చాలంటే పైనున్న డ్రాబార్ (టూలుని పైకి లాగి పట్టుకునే పొడుగాటి బోల్టు) చేత్తో విప్పుకోవాలి. సింగిల్ ఫేజు కరెంటు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డబ్బా) లోకి వెళ్లి, మోటారుకి మూడు ఫేజులుగా అందుతుంది.

బాడీ గట్టిది. బాల్ స్క్రూలు ఇప్పటికీ బాగున్నాయి, వాటిలో వదులు మిల్లీమీటరులో రెండు మూడు వందో వంతులకు మించలేదు. కంట్రోలరు తెలివైనది కాదు గానీ మొండిది కాదు. తలుపు అద్దం రెండో ఏడే మసకబారింది, ఆయిల్ పంపు గొట్టం ఒకసారి ఊడింది. ఇవన్నీ భరించగలిగినవే. మిగతా కథంతా స్పిండిల్‌దే.

2023లో భోగి ముందు రోజు ఒక ఆర్డరు ముగించి, యంత్రాన్ని కూలెంట్‌తోనే (కోతని చల్లబరిచే ఆయిల్ కలిపిన నీళ్లు) కడిగి, ఎయిర్ గన్ కొట్టి, షట్టరు వేసేశాం. భోగి నుంచి ముక్కనుమ దాకా మా వైపు పని మాట ఎత్తేవాడుండడు. కుర్రాళ్లు పందేల బరి నుంచి కదలరు. ఐదో రోజు పొద్దున వచ్చి స్టార్ట్ కొడితే మోటారు ఒకసారి ‘ఊం’ అని మూలిగి ఆగిపోయింది. వీఎఫ్‌డీ మీద ఓవర్‌లోడ్ కోడ్. రీసెట్ చేసి మళ్లీ కొట్టాం, మళ్లీ అంతే.

నేను చేసిన మొదటి తప్పు అక్కడే. తెర మీద ఏది కనిపిస్తే రోగం అదే అనుకున్నాను. పండగకి కరెంటు ఎక్కువా తక్కువా వచ్చి వీఎఫ్‌డీ కొట్టేసిందని తేల్చేసి, విప్పి, భీమవరంలో ఒకాయన దగ్గరకి పట్టుకెళ్లాను. రెండు రోజులుంచుకుని, బాగానే ఉందండీ అని తిరిగిచ్చాడు. అప్పటికి పక్క షెడ్డులో లేతు మీద పనిచేసే పెద్దాయన, మేమంతా బాబాయ్ అంటాం, గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడిగాడు.

“బెల్టు తీసి చూశావేంట్రా?”

చూడలేదు. బెల్టు తీస్తే మోటారు బొంగరంలా తిరిగింది. అంటే వీఎఫ్‌డీకి గానీ మోటారుకి గానీ ఏ జబ్బూ లేదు. స్పిండిల్ పుల్లీ మాత్రం చేత్తో పట్టుకుంటే గోడని పట్టుకున్నట్టే ఉంది. రెండు నిమిషాల పనికి రెండు రోజులూ, ఆటో ఖర్చూ, నా పరువూ పోయాయి. స్పిండిల్ తిరగకపోతే ఎవరైనా ముందు లాక్ పిన్ను వేసి మర్చిపోయారేమో చూడాలి, తర్వాత బెల్టు తీయాలి. ఆ రెండూ అయ్యాకే స్క్రూడ్రైవర్ కరెంటు డబ్బా వైపు వెళ్లాలి.

రెండో తప్పు మా కుర్రాడిది, ఆపలేదు కాబట్టి నాది కూడా. “గురువుగారూ, పైపు రెంచి వేసి ఒక్క విదుపు విదిపితే వదిలేస్తదండి ఆయ్” అన్నాడు. వేశాం. వదిలింది కూడా. పావు చుట్టు తిరిగి, ఇసుకలో రుబ్బురోలు తిప్పినట్టు గరగరమని మళ్లీ ఆగింది. అలా బలవంతంగా తిప్పితే బాగున్న రేసు (బేరింగు రింగులో గుండ్లు తిరిగే గాడి) మీద కూడా గీతలు పడతాయి, టేపరు బాడీ దెబ్బతింటుంది. బేరింగు ఎలాగూ చచ్చిందే కాబట్టి బతికిపోయాం.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే స్పిండిల్ కార్ట్రిడ్జ్ (బేరింగులతో సహా స్పిండిల్ ఉండే గొట్టం) మొత్తం మార్చాలన్నారు. 60 వేలు, ఆరు వారాలు. లోపల ఏ బేరింగులున్నాయి అని అడిగితే ఆ వివరాలు ఇవ్వం అన్నారు. ఈ సమీక్షలో వాళ్లకి నేను మార్కులు తగ్గించేది ఆ జవాబుకే. యంత్రం పాడవడం సహజం. లోపలేముందో చెప్పకపోవడం సహజం కాదు.

అందుకని మేమే విప్పాం. టేబులు మీద చెక్క దిమ్మ పెట్టి హెడ్డు దాని దాకా దించి, పుల్లీని పుల్లర్‌తో లాగి, కింది అంచు ఎలన్ బోల్టులు తీస్తే కార్ట్రిడ్జ్ చేతిలోకి వచ్చింది. లాక్‌నట్‌కి ఒక గ్రబ్ స్క్రూ కనిపించింది, విప్పాం. దానికి ఎదురుగా గ్రీజు కింద ఇంకోటి ఉందని తెలియక సీ స్పానర్ వేసి తిప్పితే మర చెడింది. ఆ నట్టుని తర్వాత బాబాయే లేతు మీద చేసిచ్చాడు. షాఫ్టుని బయటికి నొక్కే పనికి మాత్రం సుత్తి ముట్టుకోలేదు, లారీ గ్యారేజీలో ప్రెస్సు మీద తీయించాం.

కింద జతగా రెండు 7007సి యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు (పక్కనుంచీ, నిలువుగానూ వచ్చే భారాన్ని మోసేవి), పైన మామూలు 6006 ఒకటి. నంబరు చదవడం వస్తే అమ్మినవాళ్ల రహస్యం అక్కడితో సరి. చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం: 35 మిల్లీమీటర్లు. బయటి కొలత 62, మందం 14. సి అంటే కాంటాక్ట్ కోణం 15 డిగ్రీలు. సంతలో దొరకనిదేం కాదు.

కింది బేరింగులో గ్రీజు అనేది లేదు. పెరుగు గిలకొట్టినట్టు తెల్లటి నురగ లాంటిది, దాని అడుగున కాఫీ పొడి రంగు తుప్పు. గుండ్లని విడివిడిగా పట్టుకునే కేజ్ రెండు చోట్ల విరిగింది. కిరసనాయిలుతో కడిగి, లోపలి రింగు కిటికీ దగ్గర పెట్టి, వాచీలు బాగుచేసేవాళ్ల భూతద్దంతో చూశాను. రెండు రకాల దెబ్బలు కనిపించాయి. ఒకటి నువ్వుగింజల్లా చిందరవందరగా పడ్డ గుంటలు, అది తుప్పు పని. రెండోది అలా కాదు. సరిగ్గా గుండుకీ గుండుకీ మధ్య ఎంత దూరమో అంతే దూరంలో, వరసగా, చిన్న చిన్న నొక్కులు. వీఎఫ్‌డీ వాడేచోట బేరింగులోంచి కరెంటు పారితే రేసు మీద బట్టలుతికే బల్ల గీతల్లాంటివి పడతాయి, అవి మాత్రం లేవు. మధ్యలో రబ్బరు బెల్టు ఉంది కాబట్టి ఆ అనుమానం ముందే తక్కువ.

ఆ వరస నొక్కులు ఎక్కణ్ణుంచి వచ్చాయో అర్థమయ్యాక రెండు రోజులు కుర్రాడి మొహం చూడబుద్ధి కాలేదు, నా మొహం నాకూ చూడబుద్ధి కాలేదు. టూలు మార్చేటప్పుడు డ్రాబార్ రెండు చుట్లు వదులు చేసి, తల మీద సుత్తితో ఒక్కటి వేస్తే టేపరు ఊడుతుంది. ఈ యంత్రం వచ్చిన రోజు బిగించడానికి వచ్చినవాళ్లు చూపించిన పద్ధతే అది. ఆ దెబ్బ డ్రాబార్ నుంచి షాఫ్టుకి, షాఫ్టు నుంచి ఆగి ఉన్న గుండ్లకి, గుండ్ల నుంచి రేసుకి పోతుంది. రోజుకి పదిహేను సార్లు, దాదాపు నాలుగేళ్లు.

నీళ్ల సంగతి మా ప్రాంతపుది. ఇక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్లే. తాగడానికి కాలువ నీళ్లు నింపిన చెరువే దిక్కు. మేము కూలెంట్ కలిపింది ఆ బోరు నీళ్లతో. ఉప్పు నీళ్లలో కూలెంట్ ఆయిల్ సరిగా కలవదు, మీగడలా తేలిపోతుంది, తుప్పుని ఆపే గుణం పోతుంది. పైగా రోజూ సాయంత్రం స్పిండిల్ ముక్కు మీద కింద నుంచి పైకి ఎయిర్ గన్ కొట్టేవాళ్లం, రజను పోయి శుభ్రంగా కనబడాలని. ముక్కు దగ్గర రబ్బరు సీలు లేదు, సన్నని సందు మాత్రమే ఉంది. తిరుగుతున్నప్పుడు అది నీళ్లని విసిరేస్తుంది గానీ, ఆగి ఉన్నప్పుడు కంప్రెసర్ గాలికి అడ్డం పడలేదు. దానికి తోడు పగలంతా వేడెక్కిన స్పిండిల్ రాత్రి చల్లారుతూ బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. జనవరి మంచులో, చెరువుల పక్కన, ఆ గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు కదలకుండా ఉండేసరికి గుండ్లూ రేసూ తుప్పుతో అతుక్కుపోయాయి. అంటే పట్టేసింది పండగప్పుడే అయినా, జబ్బు నెలల ముందు నుంచే ఉంది. ఖాళీగా 3000 మీద తిప్పితే 2.8 ఆంపియర్లు చూపించే వీఎఫ్‌డీ అంతకుముందు దీపావళికే 3.5 చూపించింది. 0.7 ఎంతలే అనుకున్నాను. మోటారు ఉత్తినే తిరిగినా ఎక్కువ భాగం ఆంపియర్లు అయస్కాంతం పుట్టించడానికే పోతాయి, అసలు భారం తాలూకు లెక్క చాలా చిన్నది. అందుకే ఆ 0.7 చిన్నది కాదు.

కొత్త బేరింగులు విజయవాడ ఆటోనగర్‌లో, బిల్లిచ్చే డీలరు దగ్గర తెచ్చాను. పీ5 తరగతి (కొలతల్లో ఎక్కువ కచ్చితమైనవి), జతగా కలిపి అమ్మేవి. సగం ధరకి అదే పేరున్న డబ్బా ఇంకో కొట్టులో చూపించారు. డబ్బా మీద అక్షరాలు బాగానే ఉన్నాయి, రింగు మీద అక్షరాలు మాత్రం గోటికి తగిలాయి. నకిలీ అని అర్థమై దండం పెట్టి వచ్చేశాను.

వీడియోల్లో షాఫ్టుని ఫ్రీజర్‌లో పెట్టి, బేరింగుని వేడి చేసి తొడగమంటారు. షాఫ్టు ఫ్రీజర్ సలహా ఎండు గాలి ఉన్న ఊళ్లకి పనికొస్తుందేమో. మా దగ్గర చల్లటి ఇనుము బయటికి తీసిన అర నిమిషంలో చెమట పట్టేస్తుంది. కొత్త బేరింగులోకి మళ్లీ నీళ్లు పంపినట్టే. అందుకని బేరింగుని మాత్రమే, ఇంట్లో కేకుల ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర పెట్టి తొడిగాం. మా ఆవిడ ఆ ఓవెన్ మళ్లీ ముట్టుకోలేదు, అది ఇప్పుడు షెడ్డులోనే ఉంది. రెండు బేరింగుల బయటి రింగుల్లో మందంగా ఉండే ముఖాలు ఒకదానికొకటి ఆనాలి. విప్పేటప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీసుకోబట్టి గానీ, నేను మొదట తిరగేసే పట్టుకున్నాను. గ్రీజు స్పిండిల్‌కి తగినది సిరంజితో కొలిచి, ఖాళీలో మూడో వంతు మించకుండా పెట్టాం. ఎక్కువ పెడితే మేలు కాదు, గ్రీజు పిండిలా నలిగి వేడెక్కుతుంది.

బిగించాక వెంటనే పని మొదలుపెట్టలేదు. 500 దగ్గర ఇరవై నిమిషాలు, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ, ముక్కు దగ్గర 50 డిగ్రీలు దాటితే ఆపి చల్లారనిచ్చి, ఒక పూటంతా తిప్పాం. కరోనా కాలంలో కొన్న థర్మామీటర్ గన్ ఇందుకు పనికిరాదు, 43 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఫ్యాక్టరీ వాడకం గన్ కావాలి, అది కూడా మెరిసే ఇనుము మీద తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టాలి. చివర్లో టేపరు లోపల డయల్ గేజి పెట్టి తిప్పితే ముల్లు 5 మైక్రాన్లలోపే ఊగింది. బాబాయ్ వంగి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

బేరింగులు, గ్రీజు, ప్రెస్సు కూలీ, విజయవాడ బస్సు అన్నీ కలిపి 9 వేలు దాటలేదు. పోయిన పని రోజులు తొమ్మిది.

ఆ తర్వాత మార్చినవి కొన్ని. కూలెంట్‌కి ఆర్వో నీళ్లు, నీళ్లలో ఆయిల్ పోయడమే గానీ ఆయిల్‌లో నీళ్లు పోయడం లేదు, రిఫ్రాక్టోమీటర్‌తో చూసి ఆయిల్ పాలు 7 శాతం దగ్గర ఉంచుతున్నాం. ఎయిర్ గన్ స్పిండిల్ ముక్కు వైపు తిప్పితే రోజు కూలీ కట్ అని గోడ మీద రాశాను (ఇంతవరకు ఎవరికీ కట్ చేయలేదు). డ్రాబార్ తలకి పైన ఒక కాలరు బిగించాం. ఇప్పుడు విప్పుతుంటే డ్రాబారే టూలుని కిందికి నెట్టేస్తుంది, సుత్తి అక్కర్లేదు. ఆ కాలరు ఖరీదు ఒక ఇనప ముక్క, గంట పని. లక్షలు పెట్టి కొన్న యంత్రానికి అది ముందే ఎందుకు లేదో నాకిప్పటికీ అర్థం కాదు. పండగలకి మూసినా రోజూ ఎవరో ఒకరు వచ్చి పావుగంట ఖాళీగా తిప్పి వెళ్తారు. పొద్దున చూపించే ఆంపియర్లు పంచాంగం క్యాలెండర్‌లో తిథి పక్కన రాస్తాం.

మళ్లీ కొంటారా అని అడిగితే కొంటాను, ఇదే బాడీ, ఇదే ధరకైతే. కానీ డబ్బులిచ్చే ముందు స్పిండిల్‌లో ఏ బేరింగులున్నాయో బిల్లు మీద రాయించుకుంటాను.

ఒక్క పని మాత్రం ఇంకా మిగిలింది. అంతా విప్పినప్పుడు పైనున్న 6006 బేరింగు చేత్తో తిప్పితే బాగానే ఉందనిపించి, మూడొందలకి కక్కుర్తిపడి పాతదే వేసేశాను. రెండు నెలల నుంచి 4000 దాటితే పుల్లీ దగ్గర జోరీగలా సన్నగా మోగుతోంది. వేసవిలో కాలువలు కట్టేశాక మాకు పని కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడు మళ్లీ మొత్తం విప్పాలి. కొత్త 6006 తెచ్చి డబ్బా విప్పకుండా సొరుగులో పెట్టాను.