బిల్బావో దారా, వియన్నా దారా?

మూసీ ఒడ్డు బాగుచేత మాట ఎత్తితే చాలు, "మనమూ ఒక గుగ్గెన్‌హైమ్ కట్టేస్తే పోలా?" అనేవాళ్లు తగులుతూనే ఉన్నారు. మ్యూజియం వస్తే పాతపేట దానంతటదే లేస్తుందన్న నమ్మకం ఇది.

స్పెయిన్‌లోని బిల్బావోలో 1997లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచారు, ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ గీసిన టైటానియం భవనం. ఓడల తయారీ, ఉక్కు దెబ్బతిన్న ఊరికి యాత్రికులు క్యూ కట్టారు. కాదనను. కానీ అంతకుముందే నెర్వియోన్ నదిలోకి పోయే మురుగును శుద్ధి చేసే పని 1980ల్లోనే మొదలైంది. రేవు, రైల్వే వదిలేసిన భూములను తిరిగి వాడుకలోకి తేవడానికి 1992లో ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. 1995కల్లా మెట్రో నడిచింది. పని వీళ్లందరిదీ, పేరు భవనానిదీ.

వియన్నా వాళ్లు 18వ శతాబ్దపు రాజుగారి గుర్రపుశాలలను పడగొట్టకుండా, ఆ ఆవరణలోనే తెల్లరాతి లియోపోల్డ్, నల్లరాతి ముమోక్ మ్యూజియాలు కట్టి 2001లో మ్యూజియమ్స్‌క్వార్టియర్ తెరిచారు. ప్లాన్‌లో ఉన్న ఎత్తైన టవర్‌ను జనం గొడవ చేస్తే మానుకున్నారు.

ఇక నా లెక్కలో తేల్చే ప్రశ్న ఒక్కటే: టికెట్ కొననివాడికి అక్కడ ఏం పని? వియన్నా ఆవరణలోకి ఎవరైనా రావచ్చు, ఈ వీధి నుంచి ఆ వీధికి అడ్డంగా దాటిపోవచ్చు. ఎంజీలని పిలిచే పెద్ద పెద్ద రంగుల దిమ్మెలుంటాయి. వాటిమీద కూర్చోవచ్చు, కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. లేవమనేవాడు ఉండడు. బిల్బావోలోనూ నది వెంట చక్కటి నడకదారి ఉంది, గుమ్మం ముందు పూలతో అల్లిన జెఫ్ కూన్స్ కుక్కపిల్లా ఉంది. అయినా అక్కడ చూపంతా భవనం మీదికే పోతుంది.

అబూదాబిలో వరసగా మ్యూజియాలు కడుతున్న సాదియాత్ ద్వీపం సంగతి వేరు. అంతా కొత్తగా కడుతున్నదాంట్లో బాగుచేయడానికి పాతపేటేదీ?

మనకు సరుకు లోటు లేదు. 1951లో దివాన్ దేవిడీలో మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియం 1968 నుంచి నది ఒడ్డునే ఉంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం అక్కడికి నడిచిపోయేంత దూరమే. ఈ రెంటి మధ్య ఎండలో, ట్రాఫిక్‌లో ఎవరు నడుస్తారు? నన్నడిగితే కొత్త భవనం డబ్బుతో ముందు మురుగు ఆపి, ఆ దారిలో చెట్లూ అరుగులూ వేయిస్తాను. ఒక్క చిక్కుంది: వియన్నా శాలల్లో గుర్రాలు ఎప్పుడో పోయాయి, మూసీ ఒడ్డున మాత్రం ఇప్పటికీ కాపురాలున్నాయి. వాళ్లను కదిలించాల్సి వచ్చే ప్లాన్ అయితే అది వియన్నాదైనా నాకొద్దు.