గాయం కంటే ముందు నా పని గురించి అడిగిన లాయరు

రోడ్డు ప్రమాదం తర్వాత నష్టపరిహారం కేసు నడిపిన న్యాయవాది పనితీరు గురించి రాస్తున్నాను. ఆయన పేరు రాయను. న్యాయవాదులు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది, నా మెచ్చుకోలు ఆయనకు ప్రకటనగా మారడం నాకు ఇష్టం లేదు. పేరు తెలియకపోయినా, మంచి లాయరు ఏం చేస్తాడో తెలిస్తే మీరు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

2022 ఆగస్టులో తమ్ముడి స్కూటర్ వెనక కూర్చుని పెళ్లికి వెళుతుంటే పక్క రోడ్డు నుంచి వచ్చిన కారు మమ్మల్ని ఢీకొట్టింది. తమ్ముడు గీరుకుపోయిన గాయాలతో బయటపడ్డాడు. నా కుడి చీలమండ రెండు చోట్ల విరిగింది, ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. అప్పుడు నాకు 38 ఏళ్లు. పదహారేళ్లుగా ఇంట్లోనే కుట్టుపని చేస్తున్నాను. నా సంపాదన మొత్తం ఆ కాలి మీదే నడిచేది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఒక మనిషి మంచం దగ్గరికి వచ్చాడు. మా చేతికింకా అందని ఎఫ్ఐఆర్ నకలు అతని చేతిలో ఉంది. ఖర్చంతా మేమే పెట్టుకుంటాం, వచ్చినదాంట్లో మూడో వంతు ఇస్తే చాలు అని చెప్పి, ఖాళీ వకాలత్నామా (లాయరుకు కేసు అప్పగించే పత్రం), రెండు తెల్లకాగితాలు ముందు పెట్టాడు. నేను మందుల మత్తులో ఉన్నాను, పెన్ను కూడా అందుకున్నాను. మా అక్క ఆ కాగితాలు తీసి అతని చేతిలో పెట్టి, "నా చెల్లెలు లేచి కూర్చుని చదువుకోగలిగినప్పుడు రండి" అంది. అతను మళ్లీ రాలేదు. కేసు ఫలితాన్ని బట్టి వాటా అడగడం న్యాయవాదులకు నిషిద్ధమని తర్వాత తెలిసింది. ఆసుపత్రి మంచాల దగ్గర ఇలాంటి సంతకాలు ఎన్ని జరుగుతుంటాయో తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

ఈ లాయరు గురించి మా వీధిలో ఒకావిడ చెప్పింది. నవంబరులో చేతికర్రలతో ఆయన ఆఫీసుకు వెళ్లాను. పరిహారం పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మాకు మూడు నెలలే మిగిలాయని ఆయన మొదటి మాటగా చెప్పారు. ప్రమాదం వేరే జిల్లాలో జరిగింది కాబట్టి ప్రతి వాయిదాకూ అక్కడికి వెళ్లాలేమోనని నేను భయపడుతున్నాను. మేముండే ఊరు ఏ ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు) పరిధిలో ఉంటే అక్కడే వేసుకునే హక్కు చట్టంలో ఉందని చెప్పి ఆ భయం తీర్చారు.

నేను ఎక్స్‌రే తీసి ఇవ్వబోతే ఆయన పక్కన పెట్టమన్నారు. "రోజుకు ఎన్ని గంటలు మిషను దగ్గర కూర్చుంటారమ్మా? ఏ కాలితో తొక్కుతారు? గుడ్డ కత్తిరించేది నిలబడా, కూర్చునా?" అని అడిగారు. ఆ మూడు నెలల్లో డాక్టర్లు, పోలీసులు, బీమా కంపెనీ తరఫున వచ్చిన మనిషి, అందరూ కాలి గురించే అడిగారు. ఆ కాలితో నేను ఏం చేస్తానని అడిగినవారు ఆయనొక్కరే. ఈ కేసులో నాకు దక్కినదంతా ఆ ప్రశ్నల నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఎందుకంటే వైద్యుల బోర్డు ఇచ్చే ధ్రువపత్రంలో వైకల్యం ఒక శాతంగా ఉంటుంది. నాకు 22 శాతం అని రాశారు. ఆ గాయం వల్ల మనిషి సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నది వేరే లెక్క. ఒకే గాయం బల్ల ముందు కూర్చుని రాసే ఉద్యోగిని ఒకలా, రోజంతా కాలితో పనిచేసే మనిషిని ఇంకోలా దెబ్బతీస్తుంది. ఈ రెండింటినీ విడిగా చూడాలని రాజ్‌కుమార్ అనే వ్యక్తి పరిహారం కేసులో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరూ అడగకపోతే మాత్రం ధ్రువపత్రంలోని అంకె దగ్గరే లెక్క ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆదాయానికి రుజువేమిటి? నాకు జీతం కాగితం లేదు, ఆదాయపు పన్ను లెక్కలు లేవు. కొలతల పుస్తకాలు ఉన్నాయా అని అడిగారు. ఏడేళ్లవి ఉన్నాయి. ఎవరి జాకెట్టు ఏ తేదీన ఇచ్చాను, ఎంత తీసుకున్నాను, ఎంత బాకీ అన్నీ అందులో నా చేతిరాతతో ఉన్నాయి. వాటిని వరుసగా పెట్టి, నెలవారీ మొత్తాలు వేసి, ఇద్దరు ఖాతాదారుల చేత సాక్ష్యం చెప్పించారు. నేను నెలకు 18,000 రూపాయలన్నాను, ట్రిబ్యునల్ 14,000 ఒప్పుకుంది. పుస్తకాలు లేకపోతే అదీ ఉండేది కాదు.

ఆయన పట్టుకున్న ఇంకో విషయం ఉంది. మొదట చేర్చిన ఆసుపత్రి కేసు షీటులో కారణం అన్నచోట "కింద పడటం" అని ఉంది. కారు మాటే లేదు. హడావుడిలో ఎవరో రాసిన రెండు మాటలు. ప్రమాదమే జరగలేదని వాదించడానికి బీమా కంపెనీకి అవి చాలు. ఆయన ఆ ఆసుపత్రి వైద్యుడిని సాక్షిగా పిలిపించి, పోలీసులకు అదే రోజు వెళ్లిన సమాచారాన్ని చూపించి సరిచేయించారు. మీ ఇంట్లో ఎవరినైనా ప్రమాదం తర్వాత ఆసుపత్రిలో చేర్చినప్పుడు, తేరుకోగానే ఆ ఒక్క వాక్యం అడిగి చదవండి.

విచారణ రోజు బీమా కంపెనీ న్యాయవాది నన్ను ప్రశ్నించాడు. ఇప్పుడు మోటారు మిషన్లు ఉన్నాయి కదా, కాలితో తొక్కే అవసరమేముంది అన్నాడు. మోటారు మిషను వేగాన్ని కూడా కాలి కింద ఉండే పెడలుతోనే అదుపు చేస్తామని, మెడ దగ్గర వంపు కుట్టేటప్పుడు ఆ పాదం పూస కదిలినట్టు కదలాలని, నా చీలమండ ఇప్పుడు అలా వంగదని చెప్పాను. ఎడమ కాలితో కుట్టడం నేర్చుకుంటున్నానని, గంట కూర్చుంటే కుడి కాలు వాచిపోతుందని కూడా చెప్పాను. జడ్జి రాసుకోవడం ఆపి నావైపు చూశారు. ముందురోజు లాయరు నాతో అన్నది ఒకటే మాట: "మీ పని మీకు తెలిసినట్టు కోర్టులో ఎవరికీ తెలియదమ్మా, భయపడకుండా చెప్పండి."

తప్పులో సగం స్కూటరు నడిపిన తమ్ముడిదేనని కూడా బీమా కంపెనీ వాదించింది. వెనక కూర్చున్నవారి విషయంలో ఆ వాదన నిలవదు. రెండు వాహనాల తప్పు ఉన్నా, ఏ ఒక్కరి నుంచైనా పూర్తి పరిహారం అడగవచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

మధ్యలో లోక్ అదాలత్‌లో బీమా కంపెనీవాళ్లు 6 లక్షలిస్తామన్నారు. అప్పుల్లో ఉన్నాను, చేయి చాచాలనిపించింది. అక్కడ రాజీ పడితే మళ్లీ అప్పీలు ఉండదని లాయరు చెప్పి, తన అంచనాను కాగితం మీద వేసి చూపించి, నిర్ణయం నాకే వదిలేశారు. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవా సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది దొరుకుతారని నాకు తెలిసింది కూడా ఆ రోజే, అక్కడి గోడ మీద చదివి. ముందే తెలిస్తే అక్కడికే వెళ్లేదాన్నేమో.

2025 మార్చిలో తీర్పు వచ్చింది. సంపాదన శక్తి 35 శాతం తగ్గిందని తేల్చారు. నెలకు 14,000 చొప్పున ఏడాదికి 1,68,000. సొంత పని చేసుకునే, 40 ఏళ్లు నిండనివారికి భవిష్యత్ ఎదుగుదల కింద 40 శాతం కలుపుతారు, అది 2,35,200. అందులో 35 శాతం 82,320. ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు, దాన్ని గుణకం అంటారు. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు అది 15, అంటే 12,34,800. ఆ 22 శాతం దగ్గరే ఆగి ఉంటే 7,76,160 వచ్చేది. వైద్య ఖర్చులు, బాధకు పరిహారం, అక్క తోడుగా ఉన్న కాలానికి ఇచ్చినది, పని ఆగిన ఆరు నెలల ఆదాయం కలిపి మొత్తం 17,15,200 అయింది. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ అదనం. ఫీజు ముందే చెప్పిన మొత్తమే, మూడు విడతల్లో తీసుకుని ప్రతిసారీ రసీదు ఇచ్చారు.

ఇక లోపాలు. ఆయన ఫోను ఎత్తరు. రెండుసార్లు వాయిదా పడిన సంగతి కోర్టు గుమ్మం దగ్గర తెలిసింది. ఆ కాలితో బస్సెక్కి వెళ్లిన మనిషికి అది చిన్న విషయం కాదు. గుమాస్తాను అడిగితే విసుక్కునేవాడు. ఈ మాట ఆయనకు నేరుగానే చెప్పాను, ఆయన కాదనలేదు. అందుకే ఐదుకు నాలుగే ఇస్తాను.

డబ్బు మాత్రం తీర్పు తర్వాత ఇంకో నాలుగు నెలలు ఆలస్యమైంది. నా ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంది, బ్యాంకు పుస్తకంలో చివర ఉంది, పిటిషన్‌లో అసలు లేదు. బీమా కంపెనీ సొమ్ము జమ చేసినా అది నా ఖాతాకు రావడానికి సవరణ పిటిషన్ వేయాల్సి వచ్చింది. మొదటిసారి లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడే ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి చూపించండి.