మినీ ట్రాక్టర్ కొనేముందు బిల్లు ఎవరి పేరు మీద వస్తుందో చూడండి: నాకు జరిగింది మీకు జరగకూడదు

చిత్తూరు, తిరుపతి పక్క మామిడి తోటలకని మినీ ట్రాక్టర్ చూస్తున్న అన్నలందరికీ చెప్తున్నా, అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఇది చదివాక కట్టండి.

నాకు పాకాల దగ్గర ఆరెకరాల తోట ఉంది, ఎక్కువ భాగం బెంగళూరా, కొంచెం నీలం. పాత చెట్లు, కొమ్మలు బాగా కిందికి వాలి ఉంటాయి. పెద్ద ట్రాక్టర్ లోపలికి పోతే కొమ్మలు విరిగి కాయ రాలుతుంది, ఏటా బాడుగ బండి వాళ్ళతో ఇదే గొడవ. 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటుంటే దుక్కికీ, రోటవేటర్‌కీ, పీటీఓకి (ఇంజిన్ బలంతో పనిముట్లని తిప్పే వెనక షాఫ్టుకి) స్ప్రేయర్ తగిలించి మందు కొట్టుకోవడానికీ సరిపోతుందని రెండేళ్ళ కిందట కొన్నాను. ఆ లెక్కలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను. బండి కూడా చెడ్డది కాదు. నేను దెబ్బతిన్నది అమ్మినవాడి దగ్గర.

షోరూమ్ మా ఊరికి దగ్గర, బయట కంపెనీ బోర్డు పెద్దది, మిగతా చోట్ల కంటే 20 వేలు తక్కువ చెప్పాడు. "స్పేర్లకి టెన్షన్ పడొద్దన్నా, ఫోన్ చేస్తే మెకానిక్ తోటకే వచ్చేస్తాడు" అన్నాడు, నమ్మాను. బండి దించాక బిల్లు చూస్తే దాని మీద వేరే ఊరి డీలర్ పేరుంది. ఇదేందన్నా అంటే "అంతా ఒకటే" అన్నాడు. ఒకటి కాదని తర్వాత తెలిసింది. ఈయన సబ్ డీలర్, బండి అమ్మి కమీషన్ తీసుకుంటాడు, అంతవరకే. షాపులో ఆయిల్ డబ్బాలు, నాలుగు ఫిల్టర్లు తప్ప ఏమీ ఉండవు. వారంటీ క్లెయిమ్ పంపాలన్నా బిల్లు ఇచ్చిన డీలరే పంపాలి.

బండి 50 గంటలు తిరిగాక చేసే సర్వీసుకి మెకానిక్ తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చాడు, సర్లే కొత్తలో అంతే అనుకున్నా. అసలు కష్టం ఆ తర్వాతి జనవరిలో. చెట్లన్నీ పూత మీదున్నాయి, తేనె మంచు పురుగు కనిపిస్తోంది, సరిగ్గా మందు కొట్టే రోజున వాటర్ పంప్ దగ్గర నీళ్ళు కారడం మొదలై టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. వెంటనే ఆపాను కాబట్టి ఇంజిన్ బతికింది. సబ్ డీలర్‌కి ఫోన్ చేస్తే మెయిన్ డీలర్‌ని అడగమన్నాడు, మెయిన్ డీలర్ వాళ్ళేమో పంపు చెన్నై నుంచి రావాలి, వారం పడుతుందన్నారు. ఆ వారం 34 రోజులైంది. చిత్తూరులో స్పేర్ల షాపులన్నీ తిరిగాను, వేలూరు కూడా పోయొచ్చాను. పెద్ద ట్రాక్టర్లవైతే ఎక్కడ అడిగినా ఏదో ఒక కంపెనీది తీసి చూపిస్తారు, కానీ ఈ చిన్న ఇంజిన్ వేరు, అదే కంపెనీ పెద్ద బండి పంపు దీనికి కుదరదు. ఈ మాట కొనే రోజు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పూత మన కోసం ఆగదు కదా. పురుగు రసం పీల్చి జిగురు వదిలితే దాని మీద నల్ల మసి పట్టేస్తుంది. బాడుగ స్ప్రేయర్ కోసం తిరిగితే ఆ టైములో అందరికీ అదే పని, నా వంతు 12 రోజులకి వచ్చింది. అప్పటికే సగం గెలలు మాడిపోయాయి. ఇంకోపక్క బండి లోన్ ఆరునెలల కంతు తేదీ దగ్గరికొచ్చింది. బండి షెడ్డులో నిలబడి ఉంది, దాని కంతు కట్టడానికి అప్పు తెచ్చాను. ఆ బాధ రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంతా చేసి వారంటీ కూడా ఇవ్వలేదు. రెండో సర్వీసు చేసినట్టు సీలు (ముద్ర) సర్వీసు పుస్తకంలో లేదట. వాళ్ళ మెకానికే వచ్చాడు, ఆయిల్ మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు, సీలు మాత్రం వేయలేదు. పంపు డబ్బులు నా చేతి నుంచే పోయాయి.

అందుకే చెప్తున్నా, బిల్లు మీద, ఫారం 21 (బండి అమ్మినట్టు ఇచ్చే సర్టిఫికెట్) మీద ఏ డీలర్ పేరు వస్తుందో ముందే అడిగి, సేల్స్ కుర్రాడు లేకుండా మీరొక్కరే ఆ డీలర్ స్పేర్ల కౌంటర్‌కి వెళ్ళండి. మోడల్ నంబర్ చెప్పి వాటర్ పంప్, క్లచ్ ప్లేటు, ముందు యాక్సిల్ ఆయిల్ సీళ్ళు ఉన్నాయా, రేటెంత అని అడగండి. ఫిల్టర్లు ఎవరి దగ్గరైనా ఉంటాయి, వాటిని చూసి మోసపోవద్దు. ఆయిల్ సీళ్ళ సంగతి ముఖ్యంగా చూడండి, ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మడిలో బురదకి దించేవాళ్ళకి అవే ముందు పోతాయి. అదే మోడల్ కనీసం 500 గంటలు తిరిగిన రైతు నంబర్ అడగండి, పోయిన నెల కొన్నవాళ్ళ నంబర్ ఇస్తే వద్దనండి, కొత్త బండి గురించి అందరూ బాగానే చెప్తారు. వీలైతే వాళ్ళ తోటకి పోయి మీటర్‌లో గంటలు మీ కళ్ళతో చూడండి. ప్రతి సర్వీసుకీ మెకానిక్ గేటు దాటకముందే పుస్తకంలో సీలు వేయించుకోండి. ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, దాన్నే తన డిస్కౌంట్ అని చూపించేవాడుంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఇప్పటికే ఇరుక్కుపోయినవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించుకోవచ్చు, అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు లేదు, 10 లక్షల లోపైతే 200 రూపాయలు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ళ లోపల కేసు వేయాలి. నేను కాగితాలన్నీ సర్దుకుంటున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే పక్క జిల్లాలో అదే కంపెనీ డీలర్ రెండు రోజుల్లో స్పేర్ తెప్పించి ఇచ్చాడని మా బావమరిది చెప్పాడు.

పలమనేరు, పుంగనూరు పక్క మినీ ట్రాక్టర్ ముందు యాక్సిల్ విప్పి బిగించడం బాగా తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉంటే చెప్పండన్నా, నా బండికి ఎడమ చక్రం దగ్గర ఆయిల్ చెమరుస్తోంది, పూత రాకముందే చేయించాలి.