కాలర్ కట్టాలా, కెమెరా పెట్టాలా?

పులి, చిరుత, జాగ్వార్ లాంటి జంతువుల్ని అడవిలో అధ్యయనం చేయడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి పట్టుకుని మెడకు అది ఎక్కడుందో తెలిపే జీపీఎస్ కాలర్ (పట్టీ) కట్టడం, రెండోది ముట్టుకోకుండా కెమెరా ట్రాప్‌లు పెట్టడం.

కెమెరా పని తేలిక. జంతువు ఎదురుగా రాగానే దానంతట అదే ఫొటో తీస్తుంది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి ఎన్ని ఉన్నాయో అంచనా వేయవచ్చు. ఒంటి మీద గుర్తులు లేని సింహం, ప్యూమాల దగ్గర మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది.

కాలర్ చెప్పే సంగతులు వేరు. రాత్రి ఏ రోడ్డు దాటింది, ఎక్కడ వేటాడింది, ఏ ఊరి అంచున ఆగింది, తల్లిని వదిలిన పిల్ల ఎటు వెళ్లింది... ఇవి కెమెరాకు పూర్తిగా అందవు. కానీ దానికి మూల్యం చెల్లించేది జంతువే. ఉచ్చు లేదా బోను, మత్తు ఇంజెక్షన్, ఒంటి వేడిలో ప్రమాదకరమైన హెచ్చుతగ్గులు, భరించలేనంత టెన్షన్. 2009లో అమెరికాలోని అరిజోనాలో మాచో బి అనే ముసలి జాగ్వార్ ఉచ్చులో పడింది. కాలర్ కట్టి వదిలారు. రెండు వారాలైనా కాకముందే నీరసించిపోతే మళ్లీ పట్టుకున్నారు. మూత్రపిండాలు పాడయ్యాయని కారుణ్య మరణం ఇచ్చారు. ఆ కథ చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

నా మట్టుకు, ఎన్ని ఉన్నాయన్నదే ప్రశ్న అయితే పట్టుకోవడం తప్పే. కదలికలు తెలిస్తే తప్ప కాపాడలేమన్నప్పుడే కాలర్. అప్పుడైనా పశువైద్యుడు పక్కనే ఉండాలి, ఉచ్చు పడగానే తెలిపే అలారం ఉండాలి, గడువు తీరాక తనంతట ఊడిపోయే తేలికపాటి కాలరే కట్టాలి. చిన్న పిల్లలున్న తల్లిని, బాగా ముసలిదాన్ని వదిలేయాలి.