చెన్నైలో తక్కువ సామానుతో కాపురం: ఏళ్ల తరబడి వాడి చూశాక

ముందే తేల్చి చెబుతాను. చెన్నైలో తక్కువ సామానుతో కాపురం చక్కగా సాగుతుంది. నీళ్ల బిందెలు మాత్రం తీసేయకండి.

మేం ఈ దారి పట్టడానికి కారణం 2015 డిసెంబరు వరద. అడయారు నది పొంగి జాఫర్‌ఖాన్‌పేటలో మేముండే కింది పోర్షన్‌లోకి నీళ్లొచ్చాయి. ప్లైవుడ్ మంచాలు ఉబ్బిపోయాయి. మంచాల కింద పెట్టెల్లో దాచినవన్నీ బురదైపోయాయి. కడుగుతుంటే తెలిసింది, వాటిలో చాలా వస్తువులు ఇంట్లో ఉన్న సంగతే మాకు గుర్తులేదని. తర్వాత వేళచ్చేరికి మారాం. అక్కడా కింది ఇల్లే, అత్తయ్య మెట్లెక్కలేరు. అప్పుడు పెట్టుకున్న నియమం ఒక్కటే: నీళ్లొస్తున్నాయని తెలిసిన పూటే ఇద్దరం పైకి మోసుకెళ్లగలిగినంత సామానే ఇంట్లో ఉండాలి.

ఏడాదిగా వాడనిది తీసేయమని చాలామంది చెబుతారు. మన ఇళ్లకి ఆ లెక్క సరిపోదు. బొమ్మల కొలువు ఏడాదికోసారే పెడతాం, ఆవకాయ జాడీలు ఏడాదికోసారే దించుతాం. వాటిని తీసేస్తే ఇల్లు తేలికపడదు, బోసిపోతుంది. మా అటక మీద ఇప్పుడున్నవి ఆ రెండే. మోయగలమా లేదా అన్న ప్రశ్న మాత్రం ఇన్నేళ్లుగా తడబడకుండా పనిచేస్తోంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ దానికి పరీక్ష పెట్టింది. తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరైనా, అంతకుముందే చెన్నైని వానలో ముంచేసింది. కాగితాల సంచి, బియ్యం డబ్బా, మిక్సీ, బట్టలు, పరుపులు, గ్యాస్ సిలిండర్ చీకటి పడకముందే పై పోర్షన్ వాళ్ల హాల్లోకి చేర్చేశాం. ఫ్రిజ్‌నీ వాషింగ్ మెషీన్‌నీ మోయలేమని ముందే తెలుసు కాబట్టి వాటికి ఇటుకల దిమ్మలు కట్టించి ఉంచాం. నీళ్లు దిమ్మ అంచు దాకా వచ్చి ఆగాయి. పక్కింటివాళ్ల కొత్త సోఫా సెట్టు నానిపోతుంటే చూడలేకపోయాను. వాళ్లు ఎంత కష్టపడి కొనుక్కున్నారో నాకు తెలుసు.

ఇక బిందెలు. వరదలొచ్చే ఈ ఊరే నీళ్లకి కటకటలాడే ఊరు కూడా. 2019 వేసవిలో ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయాయి. కండలేరు నుంచి తెలుగుగంగ కాలవలో కృష్ణా నీళ్లొచ్చి చేరేది ఆ పూండికే. ఊరంతా ట్యాంకర్ కోసం వీధుల్లో బిందెలు వరస పెట్టి నిలబడింది. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు ఇంటి అందం చెడగొడుతున్నాయి, తీసేయమని అంతకుముందు మా వదిన చాలాసార్లు పోరింది. నేను ఒప్పుకోలేదు. ఖాళీ బిందెకి బరువేముంది? మెడలకి తాడు కట్టి పెరట్లో వేలాడదీస్తే స్థలం కూడా అక్కర్లేదు.

చీరలు తగ్గించడం వల్ల అనుకోని లాభం కలిగింది. ఇక్కడి ఉక్కకి, సముద్రపు గాలికి, కిక్కిరిసిన బీరువాలో దీపావళి వానలప్పుడు బూజు వాసన తప్పేది కాదు. ఇప్పుడు చీరల మధ్య గాలి ఆడుతోంది, మడతలు మార్చి పెట్టడానికీ ఓపిక ఉంటోంది. చిరిగిన పాత పట్టుచీరల్లో అసలు జరీ ఉంటే వెండి కోసం కొనేవాళ్లు ఇక్కడ ఉన్నారు. మొదట చెప్పిన ధరకే ఇచ్చేయకండి, ఇంకో రెండు చోట్ల అడగండి.

ఇత్తడి సామాను దగ్గర మాత్రం తొందర పనికిరాదు. అత్తయ్యకి పుట్టింటివాళ్లిచ్చిన గుండిగలు, గంగాళం ఉన్నాయి. “నేనుండగా వాటిని తూకానికి వెయ్యకమ్మాయ్” అన్నారు. ఆ మాట న్యాయమే. చాలా నెలలు అలాగే వదిలేశాక, నెల్లూరులో మా ఆడపడుచు వాళ్లది పెద్ద కుటుంబం, వాళ్లకిద్దామని ఆవిడే అన్నారు. బియ్యం పోసుకోడానికి ఒక గుండిగ ఇక్కడే ఉంది. కొట్లో తూకానికి వేస్తే వచ్చే డబ్బు కంటే, అవి రోజూ పొయ్యెక్కుతున్నాయన్న తృప్తి ఆవిడకి ఎక్కువ.

లోటుపాట్లూ చెప్పాలి. సోఫా తీసేసి చాపలు పరిచాక మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమైంది. చేతులున్న కుర్చీలు కొన్నాం, అవి అవసరం. సంక్రాంతికి చుట్టాలొస్తే పరుపులు చాలవు, పై పోర్షన్‌లో అడిగి తెచ్చుకుంటాం. అలా అడగడం మా ఆయనకి ఇప్పటికీ ఇష్టం ఉండదు. శుభకార్యాలకి పెద్ద పాత్రలు, కుర్చీలు అద్దెకిచ్చే కొట్లు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి ఆ బెంగ లేదు.

తీసేసినవాటిని ఏం చేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. దయచేసి భోగి మంటల్లో వేయకండి. 2018 భోగి నాడు పొగ, మంచు కలిసి చెన్నై విమానాశ్రయంలో విమానాల రాకపోకలే దెబ్బతిన్నాయి. ఆ పొగ పీల్చేది మన పిల్లలూ పెద్దవాళ్లే. భోగికి ముందు పాత బట్టలు, టైర్లు, ప్లాస్టిక్ పారిశుధ్య కార్మికులకి ఇవ్వమని కార్పొరేషనే అడుగుతోంది. మేం అలాగే ఇస్తున్నాం. కట్టుకోదగ్గ బట్టలు మాత్రం ఉతికి, మడతపెట్టి, విడిగా ఇవ్వండి. పాత ఫోన్లు, ఛార్జర్లు చెత్తలో కలపకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి. బ్యాటరీ ఉబ్బిన ఫోను ఉంటే ముందు దాన్ని ఇంట్లోంచి పంపించేయండి.