అరకులో ఇరవై రూపాయల ఫ్యూజు, తొమ్మిదిన్నర వేల బిల్లు

అరకు గురించి అందరూ రాసేది నేనూ ఒక లైనులో రాసేస్తాను. శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా ఘాట్ ఎక్కాం, గాలికొండ దగ్గర మంచు, బొర్రా గుహలు, బొంగులో చికెన్, కాఫీ. అన్నీ బాగున్నాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

బండి మా బావది, ఆటోమేటిక్ గేర్ల కారు. ఎస్.కోటలో టిఫిన్‌కి ఆగినప్పుడు వెనక ఎడమవైపు బ్రేక్ లైటు వెలగడం లేదని ఒక ఆటో అతను చెప్పాడు. అక్కడే నలభై రూపాయలకు బల్బు కొన్నాను. సాయంత్రం లాడ్జి ముందు మార్చడానికి కూర్చుంటే, పాత బల్బు గాజు చేతిలోకి ఊడొచ్చింది, ఇత్తడి అడుగు మాత్రం హోల్డర్‌లోనే ఉండిపోయింది. దాన్ని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పుతున్నాను. సరిగ్గా అప్పుడే లోపల కూర్చున్న బావ, "వెలిగిందేంట్రా?" అని బ్రేక్ నొక్కాడు. చిటుక్కున నిప్పురవ్వ. అడుగు ఊడొచ్చింది కాబట్టి నేను సంతోషంగా కొత్త బల్బు పెట్టేసి భోజనానికి పోయాను. వెలుగుతోందో లేదో చూడలేదు. అదే నా తప్పు.

లాడ్జి సంగతి కూడా చెప్పాలి. గదికి 3,200. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే అన్నారు, ఆరుంపావుకే చల్లబడ్డాయి. అక్క పిల్లల్ని స్నానం చేయించకుండానే తయారుచేసింది. ఆ చిరాకులో సామాన్లు సర్దుకుని బండెక్కితే ఇంజను స్టార్టయింది గానీ గేరు లివర్ "పి" (పార్కింగ్) దగ్గర్నుంచి కదల్లేదు. బ్రేక్ ఎంత తొక్కినా అంతే.

మేనేజరు వెంటనే "మన మనిషి" ఒకతన్ని పిలిపించాడు. అతను బానెట్ కూడా తెరవలేదు. గేరుబాక్సు పోయిందని, విశాఖ దాకా బండిని లాగించుకోడానికి 9,500 అవుతుందని, అక్కడ షెడ్డులో ఎంతవుతుందో తను చెప్పలేనని తేల్చేశాడు. ఈలోగా పార్కింగ్‌కి అడ్డంగా ఉన్నామని, చెకౌట్ టైము దాటిందని మేనేజరు ఇంకో 600 రాశాడు. బావ నాతో మాట్లాడటం మానేశాడు. బావ కోపంగా ఉంటే అరవడు, ఫోన్‌లో పాత ఫొటోలు చూసుకుంటాడు. అది ఇంకా భయం.

మా ఆవిడే రోడ్డు మీదికెళ్లి, జీపులు ఆగేచోట వైరింగ్ పని చేసే ఒక పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయన వచ్చీ రాగానే హారన్ నొక్కాడు. మోగలేదు. నన్ను వెనక నిలబడమని బ్రేక్ తొక్కాడు. ఒక్క లైటూ వెలగలేదు.

"నిన్న లైటేమైనా మార్చారా బాబూ?"

నేను నిప్పురవ్వ సంగతి చెప్పాను. బావ ఫోన్‌లోంచి తలెత్తాడు.

విషయం ఏమిటంటే, బ్రేక్ తొక్కినట్టు సిగ్నల్ అందితేనే ఆటోమేటిక్‌లో గేరు "పి" నుంచి వదులుతుంది. ఆ సిగ్నల్, బ్రేక్ లైట్లు, హారన్ ఈ బండిలో అన్నీ ఒకే ఫ్యూజు మీద ఉన్నాయట. ఇంజను పక్కనున్న ఫ్యూజు పెట్టె మూత లోపలివైపే ఏది దేనిదో బొమ్మ వేసి ఉంది. మేమెవరం మూత తిప్పి చూడలేదు. ఆయన రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు తీసి, ఒక వైరు బాడీకి క్లిప్పు పెట్టి, రెండోదాన్ని నీలం రంగు 15 ఆంపియర్ ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చుక్కలకూ తాకించాడు. ఒకవైపు వెలిగింది, రెండోవైపు లేదు. తెగిందన్నమాట.

కొత్తది పెట్టాడు. బావ బ్రేక్ తొక్కగానే అదీ పోయింది! మేనేజరు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టమని సలహా ఇచ్చాడు. "వైరు కాలిపోద్ది, బండీ కాలిపోద్ది" అని ఆయన కసిరాడు. ఆంపియర్లు ఎక్కువున్న ఫ్యూజు పెట్టినా అంతేనట. షార్టు ఇంకా ఉందంటే వెతకాల్సింది వెనకే అని హోల్డర్ ఊడదీశాడు. నా ప్లయర్ దెబ్బకి లోపలి రేకు వంగి అంచుకి తగులుతోంది. సన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని నిలబెట్టి, రెండో ఫ్యూజు పెట్టాడు. హారన్ మోగింది, మా మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. గేరు వెన్నలా జారింది.

ఫ్యూజులు రెండు నలభై, కూలి నూట యాభై. నేను మూడొందలిస్తే మిగతాది తిరిగివ్వబోయాడు. వెళ్తూ వెళ్తూ గేరు పక్కనున్న చిన్న మూత చూపించాడు. చేతిబ్రేకు వేసి, బ్రేక్ తొక్కి, అందులో తాళంచెవి గుచ్చితే గేరు వదులుతుందట. అయితే బ్రేక్ లైట్లు లేకుండా ఘాట్ దిగొద్దని గట్టిగా చెప్పాడు.

ఆ లాడ్జికి మళ్లీ వెళ్లను. ఆ 600 కూడా వదల్లేదు వాళ్లు. అరకు బండేసుకుని వెళ్లేవాళ్లు మాత్రం డాష్‌బోర్డులో నాలుగు ఫ్యూజులు పడేసుకోండి.

దిగేటప్పుడు బావ ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాడు, అవసరం లేని చోట కూడా. ఎస్.కోటలో కుడివైపు బల్బు కూడా మార్చేద్దామా అంటే, "నువ్వు దిగకు" అన్నాడు. ఆరోజు పొద్దున్నుంచి నాతో అన్న మొదటి మాట అదే.